పేర్లు రాకపోయినా పక్షుల్ని లెక్కపెట్టొచ్చు

ఉప్పల్‌లో రెండో అంతస్తు ఫ్లాట్, పెరడు లేదు, పక్షుల పేర్లూ తెలియవు, ఏడేళ్ల పాపతో పక్షుల లెక్క మొదలుపెట్టగలమా అని అడిగారు. తప్పకుండా పెట్టండి. మేము మల్కాజిగిరిలో మూడేళ్లుగా చేస్తున్నాం. మొదట్లో మాకు కాకి, పావురం, చిలుక, పిచ్చుక, గోరింక తప్ప ఏమీ తెలియదు.

మా పాప ఒక ఫిబ్రవరిలో స్కూల్లో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ గురించి విని వచ్చింది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధన సంస్థ, ఆడుబాన్ సొసైటీ కలిసి 1998లో దాన్ని మొదలుపెట్టాయి. 2013 నుంచి అన్ని దేశాలవాళ్లూ పాల్గొంటున్నారు. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట కూర్చుని, కనిపించినవి, వినిపించినవి లెక్కపెట్టి, ఈబర్డ్ అనే యాప్‌లో పెడితే చాలు. డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఆ నాలుగు రోజుల తర్వాత మా పాప ఆపనంది. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి జామచెట్టు కింద చాప వేస్తాం.

పేర్ల గురించి టెన్షన్ పడకండి. ముందు లెక్క నేర్పండి, అసలు కష్టం అక్కడే ఉంది. మొదటి రోజు మా బాబు గోరింకలు పదకొండు అన్నాడు. నిజానికి మూడే గోరింకలు గోడ మీదికీ చెట్టు మీదికీ తిరుగుతున్నాయి. వచ్చిన ప్రతిసారీ వాడు ఒకటి కలుపుకుంటూ పోయాడు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: ఒకే చూపులో ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనబడ్డాయో అదే రాయాలి. బ్రిటన్‌లో 1979 నుంచి జనవరి చివర్లో తోట పక్షుల్ని గంటసేపు లెక్కపెడతారు, వాళ్లదీ ఇదే పద్ధతి. దీంతో పిల్లలకు ఒక మంచి అలవాటు వచ్చింది. "ఇందాక చూసిందే మళ్లీ వచ్చిందేమో" అని ఆగి ఆలోచిస్తారు. పావురాల గుంపు ఒక్కసారిగా లేచిపోయి లెక్క తేలకపోతే, యాప్‌లో అంకె బదులు ఎక్స్ అక్షరం పెట్టొచ్చు. ఊహించి పెద్ద అంకె వేయడం కన్నా అదే నయం.

పేర్లు మా అత్తమ్మ దగ్గర దొరికాయి. ఆమెది నల్లగొండ వైపు పల్లె. తోక కింద ఎర్రగా ఉండి, తల మీద చిన్న జుట్టున్న బుల్బుల్‌ను చూపించి పిగిలిపిట్ట అంది. ఒకరోజు బొప్పాయి చెట్టు మీద గోధుమరంగు ఒంటి నిండా తెల్లచుక్కలున్న పక్షి వాలింది. పాప డేగ అని రాసేసింది. "డేగ కాదు బిడ్డా, ఆడకోయిల. కండ్లు చూడు, ఎట్ల ఎర్రగున్నయో" అంది అత్తమ్మ. నల్లగా ఉండి కూ అని కూసేది మగదట! నలభై ఏళ్లుగా కోయిల పాట వింటున్నాను, ఆడకోయిలను ఆ రోజే మొదటిసారి గుర్తుపట్టి చూశాను. తేనెపిట్టల్నీ అలాగే మొదట రెండు జాతులుగా రాశాం. మెరిసే ముదురు ఊదారంగుది మగది, పసుపు పొట్టతో ఉన్నది ఆడది. సంతానం కనే కాలం కానప్పుడు మగది కూడా పసుపుగానే ఉంటుంది, మెడ నుంచి పొట్ట దాకా నల్లటి చార మాత్రం ఉంటుంది.

కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ బాగుంటుంది, కానీ దాన్ని వెంటనే తెరవకండి. పిచ్చుక కన్నా పెద్దదా, కాకి కన్నా చిన్నదా, తోక ఎలా ఉంది, ముక్కు ఎలా ఉంది, ముందు పాపనే చెప్పమనండి. చూసిందాన్ని మాటల్లో పెట్టేటప్పుడే పిల్లలు నిజంగా చూస్తారు.

మీ ఫ్లాట్ సంగతికొస్తే, బాల్కనీ చాలు. ఎదురుగా ఒక వేపచెట్టో కరెంటు తీగలో ఉంటే ఇంకా మంచిది. ఒక కుండీలో మందారం పెట్టండి, తేనెపిట్టలు వచ్చే అవకాశం ఉంటుంది. లోతులేని మట్టిమూకుడులో నీళ్లు పోసి పెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్లు మార్చాలి. గింజలు మాత్రం చల్లొద్దు. చల్లితే పావురాలే వచ్చి బాల్కనీని ఆక్రమిస్తాయి, వాటి రెట్టల దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బు రావొచ్చు.

కొన్ని రోజులు ఆరు పావురాలు, రెండు కాకులు తప్ప ఏమీ కనబడవు. పాప బోర్ అంటుంది. అదే రాయించండి, తేదీ, టైము వేసి. మా నోట్‌బుక్‌లో పిచ్చుక గడిలో వరసగా తొమ్మిది వారాలు సున్నాలున్నాయి. పదో వారం "2" అని ఉంది, పక్కన మా బాబు స్కెచ్ పెన్‌తో రెండు పిచ్చుకల బొమ్మలేశాడు.