సున్నాతో భాగించకూడదా, కుదరదా?

మీరు అడిగింది రెండు ముక్కల్లో ఉంది. "10ని సున్నాతో భాగిస్తే 'నిర్వచితం కాదు' అని పుస్తకంలో రాసి చేతులు దులుపుకున్నారు, అనంతం అని పెట్టేస్తే ఏం పోయింది?" అనేది మొదటిది. "మైనస్ ఒకటికి వర్గమూలం లేదన్నవాళ్ళే తర్వాత దానికి 'ఐ' అని పేరు పెట్టి వాడుకుంటున్నారు కదా, దీనికీ ఒక పేరు పెట్టుకోలేమా?" అనేది రెండోది. ఈ రెండోది మంచి ప్రశ్న. బీఎడ్ చేసి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నన్నెవరైనా ఇలా అడిగుంటే నీళ్ళు నమిలేవాణ్ణి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అందులో మొదటి ఆరేళ్ళు "సున్నాతో భాగిస్తే అనంతం" అనే చెప్పాను, బోర్డు మీద పడుకున్న ఎనిమిది గుర్తు వేసి మరీ. అది తప్పని నాకు తెలియజెప్పింది తొమ్మిదో తరగతి పిల్ల. ఆ సంగతి కాసేపాగి చెప్తాను, ముందు మామిడిపళ్ళ గొడవ.

ఆ రోజు అకరణీయ సంఖ్యల పాఠం. పైన లవం, కింద హారం, హారం సున్నా కాకూడదు అని రాసి, ఎందుకు కాకూడదో వాళ్ళనే చెప్పమన్నాను. "నా దగ్గర పది మామిడిపళ్ళున్నాయిరా. సున్నా మందికి పంచాను. తలా ఎన్నొస్తాయి?" ముందు బెంచీ వాడు లేచి "సున్నా సార్, తీసుకునేవాడే లేడు కదా" అన్నాడు. కిటికీ పక్క కూర్చునేవాడు "పది సార్. ఎవరికీ ఇవ్వలేదుగా, మీ దగ్గరే ఉన్నాయి" అన్నాడు. ట్యూషన్‌కెళ్ళే పిల్లలు నలుగురైదుగురు ఒక్క గొంతుతో "అనంతం" అన్నారు. ట్యూషన్ బ్యాచ్‌ని మెచ్చుకుని, మిగతా ఇద్దర్నీ కూర్చోమన్నాను.

చాలా ఏళ్ళ తర్వాత గణిత చరిత్ర చదువుతుంటే ఆ ముగ్గురూ గుర్తొచ్చి నవ్వొచ్చింది. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నాకి కూడిక, తీసివేత, గుణకారం నియమాలు చక్కగా రాశాడు. భాగహారం దగ్గరికొచ్చేసరికి, సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. వేరే సంఖ్య అయితే కింద సున్నా ఉన్న భిన్నంగానే వదిలేశాడు, దాని విలువెంతో చెప్పలేదు. కాబట్టి మా ముందు బెంచీ వాడికి ఆయన మద్దతు సగమే. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాస్తూ సున్నాతో భాగించిన రాశి "అవికారి" అన్నాడు, అంటే ఏ మార్పూ లేకుండా ఉన్నదున్నట్టే ఉంటుందని. అచ్చంగా కిటికీ పక్కవాడి మాట! (మన పావులూరి మల్లన తెలుగు చేసింది ఈ గణితసారసంగ్రహాన్నే. తెలుగులో తొలి గణిత గ్రంథం అదేనంటారు.) పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు కింద సున్నా ఉన్న రాశికి "ఖహరం" అని పేరే పెట్టాడు. ఖ అంటే ఆకాశం, శూన్యం. ఖగం, ఖగోళం మాటల్లో ఉన్న ఖ అదే. ఖహరానికి ఎంత కలిపినా, అందులోంచి ఎంత తీసినా మార్పు రాదనీ, ప్రళయంలో జీవులన్నీ వచ్చి చేరినా, సృష్టిలో మళ్ళీ బయటికి పోయినా అచ్యుతుడిలో మార్పు ఉండనట్టేననీ పోలిక చెప్పాడు. ఇది ట్యూషన్ బ్యాచ్ జవాబు. అయిదు వందల ఏళ్ళ చర్చని మా వాళ్ళు పావుగంటలో కానిచ్చేశారన్నమాట.

మూడు జవాబులూ ఎందుకు నిలబడవో చూడాలంటే మామిడిపళ్ళు పక్కన పెట్టి, చిన్న క్లాసుల్లో భాగహారం చేశాక "సరిచూడుము" అని చేయించేవాళ్ళే, అక్కడికి వెళ్ళాలి. విభాజకం ఇంటూ భాగఫలం, ప్లస్ శేషం, ఈజీక్వల్టు విభాజ్యం. 12ని 3తో భాగిస్తే 4 ఎందుకయ్యా అంటే 3 నాలుగులు 12 గనక. భాగహారమంటే తిరగేసిన ఎక్కమే. "10ని సున్నాతో భాగించు" అంటే "సున్నా ఎక్కంలో 10 ఎక్కడుంది?" అని అడిగినట్టు. సున్నా ఒకట్ల సున్నా, సున్నా రెళ్ళ సున్నా... ఎంత దూరం చదివినా సున్నాయే. పది అందులో లేదు. ముందు బెంచీ వాడి సున్నా పెట్టి సరిచూస్తే సున్నా వస్తుంది, పది రాదు.

కిటికీ పక్కవాడిది ఇంకా ముచ్చటైన తప్పు. వాడు చెప్పిన పది భాగఫలం కాదు, శేషం. పళ్ళు "మీ దగ్గరే ఉన్నాయి" అన్నాడంటే మిగిలాయనే కదా. సరే, శేషం 10 అని ఒప్పుకుని సరిచూద్దాం: సున్నా ఇంటూ ఎంతైనా, ప్లస్ 10, మొత్తం 10. కుదిరినట్టే ఉంది కానీ భాగఫలం చోట 3 వేసినా కుదురుతుంది, 700 వేసినా కుదురుతుంది. పైగా శేషం ఎప్పుడూ విభాజకం కంటే చిన్నదిగా ఉండాలని అయిదో తరగతిలోనే చెప్తాం. పది సున్నా కంటే చిన్నది కాదు. ఇంత వివరంగా ఆ రోజే చెప్పుంటే వాడు లెక్కలంటే అంత భయపడేవాడు కాదేమో. చెప్పలేదు.

ఇక అనంతం. ఇది అంత సులువుగా వదలదు, ఎందుకంటే చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. భాగహారాన్ని పదేపదే తీసివేయడంగా చూడండి. 20 కేజీల బియ్యం బస్తాలోంచి తడవకి 4 కేజీలు తీస్తే అయిదు తడవలకి బస్తా ఖాళీ. తడవకి సున్నా కేజీలు తీస్తే? ఖాళీ చెయ్యి లోపల పెట్టి ఖాళీగా బయటికి తీయడమే. "ఎన్నిసార్లయినా తీయొచ్చు, అందుకే అనంతం" అంటారు. నేనూ అలాగే అన్నాను. కానీ మనం అడిగింది ఎన్నిసార్లు తీయగలం అని కాదు, ఎన్ని తడవలకి బస్తా ఖాళీ అవుతుంది అని. కల్పాంతం దాకా ఖాళీ చెయ్యి పెట్టి తీసినా అందులో 20 కేజీలూ అలాగే ఉంటాయి.

ఇప్పుడా పిల్ల సంగతి. మామిడిపళ్ళ క్లాసు అయిన మర్నాడు, నా అనంతాన్ని రుజువు చేద్దామని బోర్డు మీద వరసగా రాశాను: 10ని 1తో భాగిస్తే 10, 0.1తో అయితే 100, 0.01తో అయితే 1000, 0.001తో అయితే 10000. కింద సంఖ్య సున్నాకి దగ్గరయ్యే కొద్దీ జవాబు పెరిగిపోతోంది, కాబట్టి సున్నా దగ్గర అనంతం అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల వెనకనుంచి అడిగింది: "సార్, మీరు సున్నాకి కుడిపక్క నుంచే వస్తున్నారు. ఎడమపక్క నుంచి వస్తేనో?"

మైనస్ 0.1తో భాగిస్తే మైనస్ 100. మైనస్ 0.01తో అయితే మైనస్ 1000. అటునుంచి వస్తే జవాబు పాతాళానికి పోతోంది. ఒకే గుమ్మానికి కుడివైపు నుంచి వస్తే ఆకాశం, ఎడమవైపు నుంచి వస్తే పాతాళం. ఇందులో 10 బై సున్నా ఏది? "రేపు చెప్తానమ్మా" అన్నాను. మాస్టారు "రేపు చెప్తా" అన్నాడంటే అర్థమేమిటో పిల్లలకి తెలుసు. ఆ రాత్రి ఇంటర్ పుస్తకంలో అవధులు మళ్ళీ చదువుకున్నాను. "సున్నాకి దగ్గరవుతుంటే ఏమవుతుంది" అనేది ఒక ప్రశ్న, "సున్నా దగ్గర ఎంత" అనేది ఇంకో ప్రశ్న అని నాకు నిజంగా తలకెక్కింది అప్పుడే. మర్నాడు బోర్డు మీద పడుకున్న ఎనిమిదిని చెరిపేసి, ఆ పిల్ల పేరు చెప్పి, తప్పు నాదే అన్నాను.

సున్నాని సున్నాతో భాగించడం దీనికి తిరకాసు. అక్కడ జవాబు లేకపోవడం కాదు ఇబ్బంది, ఏది చెప్పినా రైటే కావడం. సున్నా అయిదులు సున్నా, సున్నా వందలు సున్నా. ఏది రాసినా మార్కులివ్వాల్సిన ప్రశ్నకి కీ తయారు చేయడం కుదరదు కదా. అందుకే దీన్ని అనిశ్చితం అంటారు. భాస్కరాచార్యుడి లీలావతిలో దీని మీద గమ్మత్తయిన లెక్కుంది: ఒక సంఖ్యని సున్నాతో గుణించి, వచ్చినదానికి దానిలో సగం కలిపి, మూడుతో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్య ఎంత? ఆయన జవాబు 14. సున్నాతో గుణించగానే సున్నా అని చెరిపేయకుండా, లెక్కలో ఇంకా పని మిగిలుంది గనక దాన్ని అట్టేపెట్టుకుని, చివర సున్నాతో సున్నాని కొట్టేశాడు. 14కి సగం కలిపితే 21, మూడుతో గుణిస్తే 63. మామూలు సున్నాలతో ఈ లెక్క చెల్లదు. కానీ ఆ సున్నాని "సున్నాకి దగ్గరవుతున్న ఏదో చిన్న రాశి" అనుకుని చదవండి, ఎక్కడా తప్పుండదు. తర్వాతి కాలంలో కలనగణితం (కాల్క్యులస్) చేసే పని ఇదే కదా అనిపిస్తుంది నాకు. ఆయన్ని మరీ ఎత్తేస్తున్నానని మా స్టాఫ్‌రూమ్‌లో ఫిజిక్స్ మాస్టారు అంటారు, అది వేరే సంగతి.

ఇక మీ రెండో ప్రశ్న. పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1 బై సున్నాకి "జ" అని పేరు పెడదాం. అంటే సున్నా ఇంటూ జ, ఒకటి కావాలి. ఇప్పుడు 2, 0, జ ఈ మూడింటినీ గుణించండి. ముందు 2ని, సున్నాని గుణిస్తే సున్నా, దాన్ని జతో గుణిస్తే 1. అలా కాకుండా ముందు సున్నాని, జని గుణిస్తే 1, దాన్ని 2తో గుణిస్తే 2. మూడు సంఖ్యల్ని గుణించేటప్పుడు ముందు ఏ రెంటిని పట్టుకున్నా ఒకటే రావాలి. కాబట్టి 1, 2 సమానమని ఒప్పుకోవాలి. ఆ ఒక్కటీ ఒప్పుకుంటే 2 బదులు ఏ సంఖ్య పెట్టినా ఇదే తంతు, అన్ని సంఖ్యలూ ఒకటైపోతాయి. ఏడో తారీకు దాకా జీతం పడని నెలలో తప్ప ఇలాంటి లెక్క ఎవరికీ పనికిరాదు.

"ఐ"తో ఈ గొడవ రాలేదు. దాన్ని తెచ్చి కలిపితే కూడిక, గుణకారాల నియమాలన్నీ చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. పోయింది ఒక్కటే, "ఐ" చేరిన సంకీర్ణ సంఖ్యల్లో ఇది పెద్దది, ఇది చిన్నది అని వరస పెట్టలేం. ఆ ధరకి దొరికిన సరుకు చాలా ఎక్కువ. జ విషయంలో ధర మొత్తం ఆస్తి. అంతే తేడా. అసలు పెట్టనే పెట్టలేదా అంటే పెట్టారు కూడా: సంకీర్ణ సంఖ్యలన్నిటికీ అనంతం అనే ఒక్క బిందువుని కలిపి గోళంగా చుడితే దాన్ని రీమన్ గోళం అంటారు, దాని మీద 1 బై సున్నా అనంతమే, ప్లస్, మైనస్ దిక్కులన్నీ అక్కడ ఒకే బిందువులో కలుస్తాయి, మా పిల్ల ప్రశ్నకి అక్కడ జవాబుంది. కానీ అక్కడ కూడా సున్నా ఇంటూ అనంతం ఎంత, అనంతంలోంచి అనంతం తీస్తే ఎంత, సున్నా బై సున్నా ఎంత అంటే చెప్పరు.

"కంప్యూటర్‌లో ఇన్ఫినిటీ అని వస్తోంది నాన్నా" అని బీటెక్ చదివే మా అబ్బాయి ఒకసారి వాదించాడు. నిజమే, దశాంశ సంఖ్యల కోసం 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణంలో అలా ఒప్పందం చేసుకున్నారు. దాని కోసం ప్లస్ సున్నా, మైనస్ సున్నా అని రెండు సున్నాలు పెట్టుకోవాల్సొచ్చింది. సున్నా బై సున్నాకి మాత్రం "ఇది సంఖ్య కాదు" అనే వస్తుంది. వాడు ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషలో అయితే ఎర్రరే. ఎర్రర్‌ని పట్టించుకోకపోతే ఏమవుతుందో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌ని అడగాలి. 1997 సెప్టెంబరులో ఎవరో ఒక గడిలో సున్నా వేశారు, ప్రోగ్రాం దానితో భాగించబోయింది, నెట్‌వర్క్ పడిపోయి నౌక రెండున్నర గంటలకు పైగా నీళ్ళలో కదల్లేక నిలబడిపోయింది.

మా పిల్లల నౌకలు మునిగేది మాత్రం "కొట్టేయడం" దగ్గర. ఎక్స్ స్క్వేర్ ఈజీక్వల్టు 5ఎక్స్ అని ఇస్తే, క్లాసులో సగం మంది రెండువైపులా ఒక ఎక్స్‌ని కొట్టేసి "ఎక్స్ = 5" అని గీత గీసేస్తారు. కొట్టేయడమంటే ఎక్స్‌తో భాగించడమేరా, ఎక్స్ సున్నా అయితేనో అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. సున్నా కూడా మూలమే, అది ఆ కొట్టేసిన గీత కింద పోతుంది. ఒకటి, రెండు సమానమని రుజువు చేసే లెక్కలు మీరు చాలా చూసుంటారు. వాటిలో ఎక్కడో ఎ మైనస్ బి లాంటిది కొట్టేసి ఉంటుంది, పైన మొదటి వరసలోనే ఎ, బి సమానమని ఉంటుంది. ఈసారి కనిపిస్తే కొట్టేసిన చోటే వేలు పెట్టండి.

క్రితం ఏడాది యూనిట్ టెస్ట్ రోజునే ఊళ్ళో జాతర పడి ఒక సెక్షన్ మొత్తం డుమ్మా. మార్కుల ఎక్సెల్ షీట్‌లో ఆ సెక్షన్ సరాసరి గడిలో "#డివ్/0!" అని వచ్చింది. మార్కులు సున్నా, రాసినవాళ్ళు సున్నా, సున్నాని సున్నాతో భాగించమంటే అది ఇంకేం చెప్తుంది? ఆ గడిలో సున్నా వేసి పంపమని పైనుంచి ఫోనొచ్చింది. పరీక్షే రాయని పిల్లలకి సరాసరి సున్నా వచ్చిందంటే, అందరూ రాసి అందరూ సున్నా తెచ్చుకున్నట్టు అవుతుంది కదండీ అన్నాను. అడ్డగీత పెట్టి పంపాను. మర్నాడు మళ్ళీ ఫోన్, అడ్డగీతని సిస్టం తీసుకోవట్లేదట, ఖాళీగా వదిలేయమన్నారు. దానికి ఒప్పుకున్నాను.