హాకర్ సెంటర్‌లో శాకాహారం

ప్రశ్న: వచ్చే నెల సింగపూర్ వెళ్తున్నాం. మావారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో ఆయనకేమైనా దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: దొరుకుతుందమ్మా, కానీ 'మాంసం వద్దు' అంటే సరిపోదు. చిక్కంతా కంటికి కనబడని వాటితోనే. సంబల్ కారంలో సాధారణంగా రొయ్యల ముద్ద ఉంటుంది. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు వేస్తారు. చార్ క్వే టియో నూడుల్స్‌ను చాలాచోట్ల పంది కొవ్వుతోనే వేయిస్తారు. మన పరోటాలాంటి రోటీ ప్రాటా కొందామన్నా, పక్కన చేపల పులుసో మాంసం కూరో పోసేస్తారు. పోయకముందే పప్పు కూర అడగండి, పిండిలో గుడ్డు కలిపారేమో కూడా కనుక్కోండి.

బెంగ లేకుండా తినాలంటే లిటిల్ ఇండియా పేటలోని టెక్కా సెంటర్‌కి వెళ్లండి. అక్కడ భారతీయ శాకాహార కొట్లున్నాయి. కూరగాయలు, చేపల మార్కెట్టూ ఆ కొట్లున్న కింది అంతస్తులోనే. అది చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి.

ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో ఆపుకున్నారని అర్థం, కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే స్టాండులో పెట్టాలి. 2021 నుంచి ఇది తప్పనిసరి. హలాల్ ట్రేలకు స్టాండు వేరుగా ఉంటుంది. 'కోపి' అంటే డబ్బాపాలు, చక్కెర వేసిన కాఫీ. రెండూ వద్దనుకుంటే 'కోపి ఓ కొసోంగ్' అనండి.