ఖరీదైన కారు: షోరూమ్‌కా, బయటి మెకానిక్‌కా?

ప్రశ్న: మెర్సిడెస్ సీ క్లాస్ కొని ఏడాదైంది. మా వీధి చివర అనుభవమున్న మెకానిక్ ఉన్నాడు. బయట ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందని భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బయట సర్వీసు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఆదేశించింది. విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదంటూ 14 కార్ల కంపెనీలకు రూ.2,544.65 కోట్ల జరిమానా వేసింది ఆ ఆదేశంలోనే. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ కూడా ఆ 14లో ఉన్నాయి. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి.

అయినా మా సలహా ఒక్కటే: వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూమ్ వదలొద్దు. రేపు టర్బో పోయిందనుకోండి, బయట పోయించిన ఆయిల్ ఏ గ్రేడో రుజువు చూపించమంటారు. ఆ వాదన తేలేలోపు కారు నెలల తరబడి షెడ్డులో నిలబడుతుంది. ఆయిల్ మార్పులో మిగిలే కొన్ని వేల కోసం లక్షల క్లెయిమ్‌ను చిక్కుల్లో పెట్టుకోవడం దండగ. టైర్లు, వీల్ అలైన్‌మెంట్, వాషింగ్ మాత్రం నిశ్చింతగా బయట చేయించుకోండి. వారంటీ పొడిగించుకోవాలనుకుంటే మొదటి గడువు ముగియకముందే తీసుకోండి. మధ్యలో సర్వీసు తప్పితే అదీ ఇబ్బందే.

ప్రశ్న: నాది 2017 మోడల్ బీఎండబ్ల్యూ 320డి. 78,000 కి.మీ. తిరిగింది, వారంటీ అయిపోయింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలంటే హైదరాబాద్, అంటే 200 కి.మీ. ఈసారి ఎస్టిమేట్‌లో ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, డీజిల్ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్, ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు, డిస్కులు, ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్ రాశారు. గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి అడిగితే, అది లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదన్నారు. ఇక్కడి మెకానిక్ సగం ధరకే అన్నీ చేస్తానంటున్నాడు. ఎవరికిమ్మంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఎస్టిమేట్‌ను పనులవారీగా విడగొట్టండి. అప్పుడు ఏ పని ఎవరికివ్వాలో దానంతటదే తేలుతుంది.

చివరి మూడూ, అంటే ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్, కొట్టేయించండి. "ఇవి కంపెనీ మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో ఉన్నాయా?" అని అడిగితే చాలు, సర్వీస్ అడ్వైజర్ పట్టుబట్టడు. ఇంజన్ ఫ్లష్ వల్ల నష్టం కూడా ఉంది. ఎంత వంచినా ఆ పలచని ద్రవం కొంత లోపల మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

డిస్కుల దగ్గర నమ్మకంతో పని లేదు, కొలత ఉంది. కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. 24 మి.మీ. డిస్కుకు సాధారణంగా 22.4. చక్రం విప్పించి మైక్రోమీటర్‌తో మీ ముందే కొలవమనండి. అంచున లేచిన గట్టు మీద కాదు, ప్యాడ్ రాసుకునే చోట పెట్టి కొలవాలి. 23.5 వస్తే ప్యాడ్లు ఒక్కటే మార్చినా సరిపోతుంది. హెచ్చరిక లైటు వెలిగాక మారుస్తున్నట్లయితే ప్యాడ్‌తో పాటు సెన్సర్ వైరు కూడా కొత్తది వేయాలి, పాతది అరిగి తెగిపోయి ఉంటుంది.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి మార్చాలి. డీజిల్ ఫిల్టర్ కూడా ఈ వయసుకు న్యాయమైన ఖర్చే.

ఇంజన్ ఆయిల్ ఎవరు పోసినా, డబ్బా మీద బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 ఆమోదం ఉందో లేదో మీరే చదవండి. 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలదు. ఈ రకం ఆయిల్ కాలితే బూడిద తక్కువ మిగులుతుంది. డీపీఎఫ్‌లో (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) చేరే మసిని కారు తనే కాల్చుకుంటుంది కానీ బూడిదను కాల్చలేదు. తప్పు ఆయిల్ వాడితే ఫిల్టర్ మెల్లమెల్లగా పూడుకుపోతుంది, కొత్త డీపీఎఫ్ ఖర్చు లక్షల్లో మాట. ఈ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాల్సిందే. కాబట్టి చెయిన్ తొందరగా అరగకుండా, కారు డిస్‌ప్లే సర్వీసుకు ఇంకా గడువు చూపిస్తున్నా, 10,000 కి.మీ.కి లేదా ఏడాదికి ఆయిల్ మార్పించడం మంచిది.

ఇక గేర్‌బాక్స్. కారు కంపెనీ షెడ్యూల్‌లో ఆయిల్ మార్పు లేని మాట నిజం. కానీ ఆ 8 స్పీడ్ గేర్‌బాక్స్‌ను తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది. కార్లమ్మే కంపెనీ మాట కన్నా గేర్‌బాక్స్ చేసినవాళ్ల మాటకే మేం విలువిస్తాం. మీ కారుకు కిలోమీటర్లూ దగ్గరపడ్డాయి, ఏళ్లూ నిండాయి. మార్పించండి.

మెకానిక్ పనితనం బయటపడేదీ ఈ పనిలోనే. ఫిల్టర్ ప్లాస్టిక్ సంప్‌లోనే (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కలిసి ఉంటుంది కాబట్టి సంప్ మొత్తం కొత్తది వేయాలి, బోల్టులు కూడా కొత్తవే. కింద విప్పితే దిగేది 5-6 లీటర్లే, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. పోయాల్సింది జెడ్ఎఫ్ లైఫ్‌గార్డ్ 8 లేదా దానికి ఆమోదిత సమానం. లైఫ్‌గార్డ్ 8 రంగు ఆకుపచ్చ. ఎర్రటి మామూలు ఆటోమేటిక్ ఆయిల్ తెస్తే అక్కడే ఆపేయండి. తర్వాత లెవెల్. కారును లిఫ్టు మీద సమతలంగా నిలిపి, ఇంజన్ నడుస్తుండగా గేర్లన్నీ ఒకసారి మార్చి, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నట్టు స్కానర్‌లో చూసి, ఫిల్లింగ్ రంధ్రం నుంచి సన్నగా కారేదాకా పోయాలి. "ఎంత దించామో అంతే పోస్తాం సార్" అన్నాడంటే ఆ షెడ్డులో ఈ పని చేయించొద్దు. పాత గేర్‌బాక్స్‌లోంచి ఆయిల్ అప్పటికే కొంత లీకై ఉంటే మళ్లీ అదే తక్కువ లెవెల్ మిగులుతుంది. ఆపైన గేర్లు జారడం, అదరడం మొదలవుతుంది.

మీ మెకానిక్‌ను ఈ పనికి ముందే పరీక్షించవచ్చు. భాగాలు ఆర్డర్ పెట్టే ముందు కారు ఛాసిస్ నంబరు అడిగాడా? ఒకే మోడల్‌లో ఒకే ఏడాది రెండు మూడు సైజుల బ్రేకులు రావడం మామూలే. ఛాసిస్ నంబరు లేకుండా సరైన పార్ట్ నంబరు దొరకదు. టార్క్ రెంచ్ (బిగింపు కొలిచే పానా) వాడతాడా? ఆయిల్ ఫిల్టర్ మూత ప్లాస్టిక్‌ది, దానికి 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బలం కొద్దీ తిప్పితే చీలుతుంది. ప్రతి భాగం కంపెనీ పేరూ పార్ట్ నంబరూ బిల్లులో రాసిస్తాడా? పాత భాగాలు చేతికిస్తాడా? బీఎండబ్ల్యూ పెట్టెలో వచ్చే ఫిల్టర్లు, సస్పెన్షన్ భాగాలు చాలావరకు మాన్, మాలే, లెమ్‌ఫోర్డర్ లాంటి కంపెనీలు చేసినవే. అవే వాళ్ల సొంత పెట్టెలో తక్కువకు దొరుకుతాయి. సగం ధర అందువల్ల అయితే సంతోషం. పేరూ ఊరూ లేని భాగాల వల్ల అయితే వద్దు.

ఈ పరీక్షలో నెగ్గితే ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు ఖమ్మంలోనే ఇచ్చేయండి. గేర్‌బాక్స్ ఆయిల్‌కు మాత్రం బీఎండబ్ల్యూ పనులే ప్రత్యేకంగా చేసే హైదరాబాద్ గ్యారేజీ మేలు. షోరూమ్‌కు ఫోన్ చేసి ఛాసిస్ నంబరు చెప్పి, పెండింగ్ రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) ఏదైనా ఉందేమో తప్పక కనుక్కోండి. 2018లో దక్షిణ కొరియాలో ఈ కంపెనీ డీజిల్ కార్లు వరుసగా మంటల్లో చిక్కుకున్నాయి. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగం) లీకై, కూలంట్ మసితో కలిసి అంటుకోవడమే కారణమని తేలింది. ఆ తర్వాత పలు దేశాల్లో రీకాల్ చేశారు. రీకాల్ పనికి వారంటీ అయిపోయినా డబ్బు తీసుకోరు, అది షోరూమ్‌లోనే జరగాలి.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలన్నిటిపైనా జీఎస్టీ 18 శాతమే. మీ దగ్గరున్నది పాత ఎస్టిమేట్ అయి, అందులో 28 శాతం వేసి ఉంటే మళ్లీ రాయించుకోండి.

ప్రశ్న: బీఎండబ్ల్యూ 520డి (2014)కి బయట బ్యాటరీ మార్పించాను. అప్పటినుంచి ఆటో స్టార్ట్-స్టాప్ పనిచేయడం లేదు, తరచూ బ్యాటరీ హెచ్చరిక వస్తోంది. బ్యాటరీ నకిలీదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నకిలీ కావాల్సిన పనిలేదు. బ్యాటరీ మారిన సంగతి కారుకు తెలియలేదు, అంతే. పాత బ్యాటరీ వయసును బట్టి ఛార్జింగ్ తీరు మార్చుకుంటూ వచ్చిన కంప్యూటర్, కొత్తదాన్నీ ముసలిదనుకునే ఛార్జ్ చేస్తోంది. స్కానర్ పెట్టి కొత్త బ్యాటరీని రిజిస్టర్ చేయించండి, పది నిమిషాల పని. ఆంపియర్-అవర్ (బ్యాటరీ సామర్థ్యం) మారినా, రకం మారినా కోడింగ్ కూడా మార్చాలి. పాతది ఏజీఎం (స్టార్ట్-స్టాప్ కార్లలో వాడే బ్యాటరీ రకం) అయితే కొత్తదీ ఏజీఎం రకమే ఉండాలి.

డిక్కీలో కుడివైపు మూత తీయించి రెండు చూడండి. ఒకటి, బ్యాటరీ నుంచి గ్యాస్ బయటికి పంపే సన్నటి గొట్టం. మార్చేటప్పుడు దీన్ని తగిలించకుండా వదిలేస్తుంటారు. ఇంకొకటి, నెగటివ్ టెర్మినల్ మీది సెన్సర్. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అది చెడుతుంది. రిజిస్టర్ చేశాక కూడా హెచ్చరిక వస్తే ఆ సెన్సర్‌నే అనుమానించాలి.

ప్రశ్న: మెర్సిడెస్ జీఎల్ 350 రాత్రి బాగానే ఉండి, పొద్దున్నే ముందు ఎడమవైపు కుంగిపోతోంది. స్టార్ట్ చేస్తే లేస్తుంది. ఒకరు కంప్రెసర్ అంటారు, ఒకరు స్ట్రట్ అంటారు, మరొకరు రెండూ అంటారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ కారుది ఎయిర్ సస్పెన్షన్, అంటే గాలి నిండిన స్ట్రట్‌ల మీద నిలబడుతుంది, ఆ గాలి నింపేది కంప్రెసర్. నిలబడి ఉన్న కారును పట్టి ఉంచేది కంప్రెసర్ కాదు. ఒక్క మూలే కుంగుతోందంటే గాలి ఆ మూలలోనే పోతోంది. స్ట్రట్ రబ్బరులో పగులైనా ఉంటుంది, పైపు బిగింపు వదులైనా ఉంటుంది. ముందు టేపు పట్టుకుని, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కొలిచి రాసుకోండి. ఈ కొలతలు చూపిస్తే ఏ మెకానిక్కూ ఊహించి చెప్పే అవకాశం ఉండదు. తర్వాత సబ్బు నీళ్లు చల్లించి బుడగలు చూడండి. పైపు బిగింపు దగ్గర వస్తే ఖర్చు స్వల్పమే.

కంప్రెసర్‌ది వేరే కథ. లీకు వల్ల అది రోజూ ఎక్కువసేపు తిరిగి తిరిగి కాలిపోతుంది. కారు లేవడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతుంటేనే దాన్ని మార్చండి. మార్చితే దాని రిలే (దాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కూడా మార్చాలి. రిలే అతుక్కుపోయిందంటే కొత్త కంప్రెసర్ కూడా ఆగకుండా తిరిగి చెడిపోతుంది.

ఈ కారుకు ముందు స్ట్రట్ ఒకే ముక్క, వెనక గాలిబుడ్డి వేరు, షాక్ అబ్జార్బర్ వేరు. వెనకవైపు ఎప్పుడైనా ఇదే సమస్య వస్తే బుడ్డి ఒక్కటి మార్చితే సరిపోతుంది, మొత్తం సెట్టు కొనకండి. ఎయిర్ సస్పెన్షన్ బిగించాక ఎత్తును స్కానర్‌తో కాలిబ్రేట్ చేసే పరికరం ఉన్న బయటి గ్యారేజీ అయితే ధైర్యంగా ఇవ్వండి, లేకపోతే షోరూమే. అప్పటిదాకా కారు పూర్తిగా లేవకముందు కదిలించొద్దు, టైరు ఫెండర్‌కు రాసుకుని కోసుకుపోతుంది.