పాత 100 సీసీ బండి క్లచ్‌ను ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చా? హౌసింగ్ కూడా మార్చాలా?

మీరు నర్సంపేట నుండి పాల క్యాన్లతో కాజీపేట దాకా వస్తున్నారు, ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు రేసు పెరుగుతోంది కానీ బండి గుంజడం లేదు, షెడ్డులో చూపిస్తే హౌసింగ్‌తో (క్లచ్ ప్లేట్లు కూర్చునే గిన్నెతో) సహా క్లచ్ మొత్తం మార్చాలన్నారు. మీ ప్రశ్నలో నాకు అర్థమైన విషయం ఇది. పని ఇంట్లో చేసుకోవచ్చు. హౌసింగ్ మాత్రం ఇప్పుడే కొనకండి. నేను వృత్తిరీత్యా మెకానిక్‌ను కాను. హనుమకొండలో ఉంటూ నా బండికి, మా బాపు బండికి ఈ పనిని వాకిట్లోనే చేసుకుంటున్నాను కనుక చేతితో చూసిన విషయాలే రాస్తున్నాను.

హౌసింగ్ గురించి ఎందుకు ఆగమంటున్నానంటే, హౌసింగ్ వేళ్లు (గిన్నె చుట్టూ ఉండి ప్లేటు చెవులను పట్టుకునే పట్టీలు) అరిగినప్పుడు క్లచ్ సాధారణంగా జారదు, అతుక్కుంటుంది. అంటే లివర్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంది, గేరు కటకటమంటూ పడుతుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు. మీరు చెప్పింది దీనికి పూర్తిగా ఎదురు లక్షణం, అంటే క్లచ్ జారడం. రేసు పెరిగి వేగం పెరగకపోతే అనుమానించవలసినవి కేబుల్, ఆయిల్, ప్లేట్లు, స్ప్రింగులు. బ్రేకు పట్టేసినా బండి గుంజదు కానీ అప్పుడు ఇంజిను శబ్దం పెరగదు, బరువెక్కి తగ్గుతుంది. ఆ తేడాను ఒకసారి చెవితో విని నిర్ధారించుకోండి.

విప్పడానికి ముందు లివర్ చివర వదులు ఎంత ఉందో చూడండి. చిన్న బండ్లకు సాధారణంగా 10 నుండి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అసలు వదులే లేకుండా కేబుల్ బిగుసుకొని ఉంటే, మీరు లివర్ ముట్టకపోయినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది, బరువు పడగానే జారుతుంది. రెండోది ఆయిల్. ఈ బండ్లలో క్లచ్ ఇంజిను ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి, డబ్బా మీద జాసో (జపాను వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న మోటారుసైకిల్ ఆయిలే పోయాలి. ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిల్ పోస్తే, అందులో రాపిడి తగ్గించే మందులు ఉండి కొత్త ప్లేట్లు కూడా జారవచ్చు. జాసో ఎంబీ రకం తడి క్లచ్ లేని స్కూటర్ల కోసం వచ్చింది, అది మీ బండికి పనికిరాదు.

ఈ రెండూ సరిగ్గా ఉండి కూడా జారుతుంటే విప్పవలసిందే. బండిని ఎడమవైపు బాగా వాల్చి, ఆయిల్ తీయకుండానే కవరు విప్పేవారు ఉన్నారు, అది తప్పేమీ కాదు. మీ విషయంలో మాత్రం ఆయిల్ మీదే అనుమానం ఉంది కనుక దించేసి, మెయిన్ స్టాండు మీద పని చేయడం మంచిది. దించిన ఆయిల్‌ను వాసన చూడండి. మాడిన వాసన వస్తూ, వేళ్ల మధ్య నల్లటి పొడి తగిలితే ప్లేట్లు కాలినట్టే అనుకోవచ్చు.

తర్వాత కుడివైపు కిక్ రాడ్డు, క్లచ్ కేబుల్, అడ్డు వచ్చే ఫుట్‌రెస్ట్ తీయాలి, కొన్ని బండ్లకు సైలెన్సర్ కూడా దించాలి. కవరు బోల్టులు ఎక్కువగా 8 నంబరువి, వాటి పొడవులు మాత్రం ఒకేలా ఉండవు. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు. పొడవు బోల్టును పొట్టి రంధ్రంలో తిప్పితే అల్యూమినియం పగులుతుంది, ఆ నష్టం క్లచ్ ఖర్చును మించిపోతుంది. కవరు రాకపోతే మధ్యలో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి నేరుగా బయటికి లాగండి. కవరును సరైన చోట కూర్చోబెట్టడానికి అంచున ఉండే రెండు డోవెల్ పిన్నులు ఇంజినులో ఉన్నాయో, కవరుకు అంటుకొని వచ్చాయో చూసుకోండి.

లోపల కనిపించే స్ప్రింగు బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా విప్పకూడదు, ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయాలి. మీరు బండి మోడల్ రాయలేదు కనుక ఇక్కడ రెండు రకాలు చెప్పాలి. కొన్ని బండ్లలో ప్రెషర్ ప్లేటు (మిగతా ప్లేట్లను కలిపి నొక్కి ఉంచేది) బయటివైపు ఉంటుంది, స్ప్రింగులు తీయగానే ప్లేట్లు చేతికి వస్తాయి. మరికొన్నింటిలో ప్రెషర్ ప్లేటు లోపలివైపు ఉంటుంది, క్లచ్ సెంటర్‌ను (ప్లేట్ల మధ్యలో ఉండే దిమ్మను) పట్టి ఉంచే నట్టును గానీ సర్‌క్లిప్‌ను (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగును) గానీ తీస్తేనే ప్లేట్లు వస్తాయి. నట్టు ఉంటే బండిని టాప్ గేరులో వేసి, మరొకరిని వెనుక బ్రేకు గట్టిగా పట్టమనండి, సెంటర్ తిరగకుండా నిలుస్తుంది. హౌసింగ్ వేళ్ల మధ్య ఇనుప కడ్డీ దూర్చి ఆపడం షెడ్లలో కనిపించే పద్ధతే కానీ, విరిగేది మన హౌసింగ్ వేలే అవుతుంది. నాలుగు గాట్ల నట్టుకు దాని పానానే వాడాలి, ఉలి పెట్టి కొడితే మరోసారి ఏ పానాకూ అది లొంగదు. నట్టు కింది వాషర్ ఏ ముఖం బయటికి ఉందో ఫోటో తీసుకోండి, కొన్నింటి మీద అవుట్‌సైడ్ అని అక్షరాలు ఉంటాయి.

ప్లేట్లు తీసిన వరుసలోనే ఒక పాత గుడ్డ మీద పరచండి. రాపిడి ప్లేటు మందాన్ని వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరంతో) రెండు మూడు చోట్ల కొలవాలి. ఈ తరగతి బండ్లలో కొత్త ప్లేటు చాలావరకు 3 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, 2.6కు దిగితే మార్చడమే మేలు, అయితే మీ బండి సర్వీసు పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి. మందం ఉన్నా, ముఖం నల్లబడి గాజులా మెరుస్తుంటే ఆ ప్లేటు పట్టదు. స్టీలు ప్లేట్ల మీద నీలి మచ్చలు ఉంటే అవి విపరీతంగా వేడెక్కాయని అర్థం. బరువుతో బ్రిడ్జి మీద సగం క్లచ్ పట్టుకొని ఆగి ఆగి నడిపే బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ నీలి మచ్చలనే. స్టీలు ప్లేటును గాజు పలక మీద పరిచి, అంచు కింద 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూరుతుందేమో చూడండి, దూరితే వంగినట్టే. స్ప్రింగులను దుకాణంలో కొత్తవాటి పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. ఒక్కటి పొట్టిబడినా సెట్టు మొత్తం మార్చాలి.

ఇప్పుడు హౌసింగ్ వంతు. వేళ్ల లోపలి అంచుల మీద గోరుతో పైనుండి కిందికి గీయండి. ప్లేటు చెవులు తగిలిన చోట దువ్వెన పళ్లలా గాట్లు ఉంటాయి. గోరు కొద్దిగా తడబడితే సన్న ఆకురాయితో నునుపు చేస్తే చాలు, రజను లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి. గోరు పూర్తిగా ఇరుక్కునేంత లోతు ఉన్నా, వేలు పగిలి ఉన్నా, వెనుక గేరు దగ్గర హౌసింగ్ వదులై గలగలమంటున్నా, అప్పుడు షెడ్డువారు చెప్పిన మాట నిజమే, మార్చండి. చూడకుండా చెప్పిన మాటకు డబ్బు పెట్టవద్దన్నదే నా అభిప్రాయం.

కొత్త రాపిడి ప్లేట్లను ముందు రాత్రే కొత్త ఆయిల్‌లో నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి నిమిషాల్లోనే కాలిపోతాయి. విప్పిన వరుసలోనే, రాపిడి ప్లేటు ఒకటి, స్టీలు ప్లేటు ఒకటి చొప్పున పేర్చండి. స్టీలు ప్లేట్లకు ఒక అంచు పదునుగా, మరొక అంచు గుండ్రంగా ఉంటే అన్నీ ఒకే దిక్కుకు ఉండాలి. స్ప్రింగు బోల్టులను మళ్లీ ఎదురెదురుగా, మెల్లగా బిగించండి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 నుండి 12 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, అంటే చిన్న పానాతో మణికట్టు బలం మాత్రమే.

కవరుకు, ఇంజినుకు మధ్య ఉండే పాత ప్యాకింగ్ గీకడానికే ఎక్కువ సమయం పడుతుంది, ఓపిక పట్టండి. గీకిన ముక్కలు చాంబర్‌లో పడితే ఆయిల్ జాలీకి అడ్డుపడతాయి. కవరు తెరిచే ఉంది కనుక ఆ జాలీని, ఉంటే తిరిగే ఆయిల్ ఫిల్టర్‌ను కూడా పెట్రోల్‌తో కడిగేయండి. కొత్త ప్యాకింగ్‌కు బంక పూయవలసిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. డోవెల్ పిన్నులు పెట్టి, కవరు సమానంగా కూర్చున్న తర్వాతే బోల్టులు బిగించండి. కవరు కూర్చోకపోతే బోల్టులతో లాగకండి, లోపల కిక్ షాఫ్టో, లిఫ్టరో (కేబుల్ లాగినప్పుడు క్లచ్‌ను నొక్కే భాగం) సరైన చోట లేదని దాని అర్థం.

కొలత ప్రకారం ఆయిల్ పోసి, కేబుల్ వదులు సరిచేసి, మెయిన్ స్టాండు మీద కొంతసేపు ఇంజిను నడపండి. క్లచ్ నొక్కి మొదటి గేరు వేసినప్పుడు వెనుక చక్రం మెల్లగా తిరగడం చల్లటి ఆయిల్‌తో సహజమే, చేత్తో ఆపితే ఆగాలి. మొదట క్యాన్లు లేకుండా తిప్పండి, రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత ప్లేట్లు కుదురుకొని వదులు మారుతుంది కాబట్టి లివర్ మరోసారి చూసుకోండి. ఇన్ని చేసినా బ్రిడ్జి మీద రేసు పెరిగితే, కేబుల్ విప్పేసి కవరు మీది క్లచ్ ఆర్మ్‌ను చేత్తో కదిపి చూడండి. అది తుప్పు పట్టి వెనక్కి రాకుండా ఉంటే స్ప్రింగుల ఒత్తిడి ప్లేట్లకు పూర్తిగా అందదు. దానికి తుప్పు వదిలించి గ్రీజు పెడితే చాలు, కొత్తగా కొనవలసింది ఏమీ ఉండదు.