పదిమంది వాడే చోటు ఎవరి పూచీ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు బస్టాండ్లు, చలివేంద్రాలు, వీధిగోడలు, అపార్టుమెంట్లు వంటి ఉమ్మడి స్థలాల పరిశుభ్రత గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రోజూ రెండు బస్సులు మారి బడికి వెళ్తాను. మధ్యలో దిగే పట్టణంలో బస్టాండు మరుగుదొడ్డి అడుగు పెట్టలేనంత అధ్వానంగా ఉంటుంది. అందువల్ల ఇంటి దగ్గర అరకప్పు కాఫీ తాగి బయలుదేరితే, బడికి చేరేదాకా నీళ్ళ జోలికి పోను. ఇప్పటికే రెండుసార్లు మూత్రంలో మంట వచ్చి మందులు వాడాను. వాడేవాళ్ళకు బుద్ధి లేకపోతే ఎవరేం చేస్తారని తోటివారు అంటున్నారు. నిజంగా చేయగలిగింది ఏమీ లేదా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ ఆరోగ్యం సంగతి చెప్పాలి. నీళ్ళు మానేయడం, మూత్రం బిగబట్టడం ఈ రెండూ మీకు హాని చేస్తున్నాయి. మూత్రమార్గంలో ఇన్ఫెక్షన్ కలిగించే సూక్ష్మజీవులు ఎక్కువగా మన పేగుల్లో ఉండేవే. స్త్రీలలో మూత్రనాళం పొట్టిగా ఉండడం వల్ల అవి తేలికగా లోపలికి చేరతాయి. తగినన్ని నీళ్ళు తాగి ఎప్పటికప్పుడు మూత్రానికి వెళ్తే అవి కొట్టుకుపోతాయి, బిగబడితే లోపలే పెరుగుతాయి. కాబట్టి మురికి మరుగుదొడ్డికి వెళ్తే జబ్బు వస్తుందన్న భయంతో నీళ్ళు మానేసిన మనిషికే ఆ జబ్బు ముందు వస్తుంది. అక్కడ నిజంగా జాగ్రత్తపడవలసింది చేతుల విషయంలో. తలుపు గడియ, కుళాయి, మగ్గు పిడి అందరూ తాకేవే కనుక, విరేచనాలు కలిగించే క్రిములు వాటి మీదుగా చేతికీ, చేతి నుంచి నోటికీ చేరతాయి. సంచిలో చిన్న సబ్బుముక్క ఉంచుకోండి, ఇరవై సెకన్లపాటు రుద్ది కడుక్కోండి. దారిలో పెట్రోలు బంకు ఉంటే అక్కడి మరుగుదొడ్డిని అడిగి వాడుకోండి. మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా సమకూర్చడం బంకువారి బాధ్యత. మంట మళ్ళీ వస్తే మిగిలిన పాత మాత్రలు వేసుకోకుండా మూత్రపరీక్ష చేయించుకోండి.

ఇక మీ తోటివారి మాట. వాడేవారికి బుద్ధి లేదనడంతో నేను ఏకీభవించలేను. అదే ప్రయాణికులు అదే రోజు శుభ్రంగా ఉన్న ఆసుపత్రికో గుడికో వెళ్తే అక్కడ శుభ్రంగానే నడుచుకుంటారు. మీరు చెప్పిన చోట పొద్దున ఆరు గంటలకు పరిస్థితి ఎలా ఉందో, పదకొండు గంటలకు ఎలా ఉందో ఒకసారి గమనించండి. పై ట్యాంకులో నీళ్ళు ఎన్ని గంటలకు అయిపోతున్నాయి, మోటారు మళ్ళీ ఎవరు వేస్తున్నారు, గడియలు పడుతున్నాయా, బల్బు వెలుగుతోందా, సంచి తగిలించుకోవడానికి కొక్కెం ఉందా, శానిటరీ నాప్‌కిన్లు వేయడానికి మూత ఉన్న బుట్ట ఉందా అని చూస్తే, మురికి ఎక్కడ మొదలవుతోందో మీకే అర్థమవుతుంది. నీళ్ళు ఆగిపోయిన తర్వాత లోపలికి వెళ్ళిన మనిషి ఎంత సంస్కారవంతుడైనా వెనుక వచ్చేవారికి మురికినే మిగల్చగలడు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. ఇంతమంది ఆడవాళ్ళు పనులకూ చదువులకూ ఇల్లు దాటి రావడం మంచి మార్పు, నేను మనసారా స్వాగతించే మార్పు. అయితే బస్సులో చోటు కల్పించినవారు బస్టాండులో ఆడవారి మరుగుదొడ్ల సంఖ్య, అక్కడి నీటి నిల్వ, శుభ్రం చేసేవారి సంఖ్య కూడా దానికి తగ్గట్టు పెంచవలసి ఉంటుంది. పైగా నిర్వహణను వేలంలో ఎక్కువ పాట పాడినవారికి అప్పగించే పద్ధతి ఉన్నచోట, కట్టిన డబ్బు రాబట్టుకోవడానికి కాంట్రాక్టరు మొదట తగ్గించేది మనుషులనూ ఫినాయిలునూ. ఒక్క మనిషి పగలంతా డబ్బులు వసూలు చేస్తూ, మధ్యలో లేచి దొడ్లు కడగాలంటే సాధ్యం కాదు.

మీరు ఒక పని చేయండి. డిపో మేనేజరుకు మరో ఇద్దరు ముగ్గురు ప్రయాణికుల సంతకాలతో అర్జీ ఇచ్చి, నకలు మీద స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. ‘బాగా లేదు’ అని రాస్తే ఎవరూ కదలరు. ఏ తేదీన ఏ వేళకు నీళ్ళు లేవో, ఎన్ని తలుపులకు గడియ లేదో రాయండి. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, నిర్వహణ ఒప్పందం నకలు, రోజుకు ఎన్నిసార్లు శుభ్రం చేయాలన్న షరతు, ఎంతమంది కార్మికులకు జీతం చెల్లిస్తున్నారన్న వివరం అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఒప్పందంలో ఉన్నదీ అక్కడ జరుగుతున్నదీ పక్కపక్కన పెడితే, ఆ తర్వాత మీరు వాదించవలసింది పెద్దగా ఉండదు.

నిధులు లేవన్న జవాబు వస్తే బెదరకండి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డువాసులు మురుగుకాలువలు, మరుగుదొడ్లు లేక పడిన అవస్థ మీద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. పురపాలక సంఘం తన దగ్గర డబ్బు లేదని సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ సాకును తోసిపుచ్చి, ప్రజారోగ్యాన్ని కాపాడడం పురపాలక సంఘం తప్పించుకోలేని విధి అని తేల్చింది. ఆ వార్డువాసులు వాడుకున్నది అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. ఇప్పుడు అదే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఉంది. ప్రజలకు హాని కలిగించే పరిస్థితిని తొలగించమని ఆర్డీవో ఆదేశించవచ్చు. అర్జీకి స్పందన లేకపోతే ఆ మెట్టు ఎక్కండి.

ప్రశ్న: మా వీధిలో మలుపు దగ్గర ప్రహరీగోడ పొడవునా మూత్రం పోస్తున్నారు. దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అంటిస్తే ఆగుతుందని కాలనీ సంఘంలో తీర్మానించారు. మీ అభిప్రాయం? – ఒక కాలనీవాసి

జవాబు: అంటించిన చోట ఆగవచ్చు, బొమ్మలు లేని పక్కగోడ దగ్గర మొదలవుతుంది. పైగా కొన్నాళ్ళకు దుమ్ము పట్టి, పగిలి, కాలువ పక్కన పడి ఉండే ఆ బొమ్మలను చూడడం భక్తి ఉన్నవారికి కష్టంగా ఉంటుంది. ఆ మలుపులో ఆగేది ఎవరో కనుక్కోండి. ఆటోస్టాండు డ్రైవర్లా, పొద్దున కూలికోసం నిలబడే అడ్డా మనుషులా, తోపుడుబండ్లవారా? వాళ్ళు రోజంతా అక్కడే ఉండి పనిచేసుకునేవాళ్ళు. దగ్గరలో వారికి మరుగుదొడ్డి ఎక్కడుందో మీ సంఘంలో ఎవరైనా చెప్పగలరా? టైల్స్‌కు వసూలు చేసిన డబ్బుతో అక్కడ ఒక లైటు వేయించి, నీటి వసతి ఉన్న మూత్రశాల కట్టించమని వార్డు సభ్యుడి ద్వారా మున్సిపాలిటీకి అర్జీ ఇవ్వండి. ఆ మలుపులో కూరలమ్మే ఆడవాళ్ళు ఉంటే వారి అవసరాన్ని కూడా అందులో రాయండి. వారు గోడ దగ్గర ఆగలేరు కనుక వారి ఇబ్బంది మీ ఫిర్యాదులో కనబడలేదు.

ప్రశ్న: మా యువజన సంఘం ఏటా ఉగాది తర్వాత చలివేంద్రం పెడుతుంది. పోయినసారి నీళ్ళు తాగిన కొందరికి వాంతులు, విరేచనాలు అయ్యాయని ఊళ్ళో మాట వచ్చింది. ఈసారి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? పారిశుద్ధ్య పనివారికి వేరే గ్లాసులు పెడితే శుభ్రంగా ఉంటుందని మా పెద్దలు ఒకరు సూచించారు. అది సరైనదేనా? – ఒక సంఘ కార్యదర్శి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. సరైనది కాదు, అది నేరం కూడా. శుభ్రత పేరు చెప్పి, దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని తిరిగి తెచ్చే మాట అది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం దానికి శిక్ష విధించింది. క్రిములకు కులం తెలియదు. వీధి ఊడ్చి వచ్చిన మనిషి చేతులు కడుక్కోవడానికి మీరు కుళాయి, సబ్బు పెట్టకపోతే ఆ లోపం చలివేంద్రానిది. ఊరిని శుభ్రం చేసే మనిషికి ఊరి చలివేంద్రంలో అందరితోపాటు అదే గ్లాసు, అదే వరుస, అదే మర్యాద ఉండాలి. ఆ పెద్దమనిషికి ఈ మాట మీరే నెమ్మదిగా, గట్టిగా చెప్పండి.

ఇక నీళ్ళ విషయం. కుండలో నీరు చెడేది చాలాసార్లు ముంచడం వల్ల. వచ్చినవారల్లా గ్లాసు ముంచుకుంటే వేళ్ళ మురికి అంతా కుండలోకి దిగుతుంది. కుండకు కుళాయి బిగించండి, లేదా పొడవాటి కాడ ఉన్న గరిటె పెట్టి, పోసే పని ఒక్కరికే అప్పగించండి. మన పెద్దవాళ్ళు గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగేవారు. ఆ అలవాటును మళ్ళీ ప్రోత్సహించండి. ఎంగిలి గ్లాసులను ఒకే తొట్టిలో పొద్దున నుంచి సాయంత్రం దాకా ముంచి తీయడం మహా ప్రమాదం, ఎందుకంటే మొదటి గ్లాసు మురికి చివరి గ్లాసుకు కూడా అంటుతుంది. సబ్బుతో తోమి, పారే నీటి కింద కడిగి బోర్లించండి.

నీటిని కుండల్లో పోయకముందే డ్రమ్ములో క్లోరిన్ కలపండి. మంచి బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది, 0.5 గ్రాముల క్లోరిన్ మాత్ర ఒకటి 20 లీటర్లకు సరిపోతుంది. కలిపిన తర్వాత అరగంట ఆగాలి. సంచి విప్పి గాలి తగిలేలా ఉంచిన బ్లీచింగ్ పౌడరు బలం తగ్గిపోతుంది, కాబట్టి నిరుటి సంచిని నమ్ముకోవద్దు. పంచాయతీలో నీళ్ళు వదిలే సిబ్బంది దగ్గర నీటిలో క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోప్ ఉంటుంది. అందులో నీటికి మందుచుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. అరగంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రోజూ ఉదయం వారిని పిలిపించి చూపించుకోవడం మీకు పెద్ద శ్రమ కాదు. ‘నీళ్ళు కొంచెం మందువాసన వస్తున్నాయి’ అని ఎవరైనా ముఖం చిట్లిస్తే, ఎందుకు కలిపారో ఓపికగా చెప్పండి. మజ్జిగ ఇచ్చే రోజుల్లో కూడా అందులో పోసేది ఇదే నీరు కావాలి. చేపల రవాణాకు వాడే ఐసు గడ్డలను మజ్జిగలో ఎంతమాత్రం వేయకండి.

రాత్రి కుండలను ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, బోర్లించి వెళ్ళండి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచున కుండ గోడకు అతుక్కుని ఉంటాయి, నీళ్ళు పారబోసినా పోవు, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. ఫ్రైడే – డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది వారానికోసారి చేయమని చెప్పే ఈ పనిని చలివేంద్రంలో ప్రతి రాత్రీ చేయాలి. కుండల కింద ఒలికిన నీరు నిలవకుండా ఇసుక పోసి చిన్న కాలువ తీయండి. ఏ రోజు ఎవరి వంతో సభ్యుల పేర్లు రాసి, పందిరి గుంజకు వేలాడదీయండి. అందరి పని అని వదిలేస్తే మూడో వారానికి ఎవరూ రారు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో సెప్టిక్ ట్యాంకు నిండి సెల్లారులోకి పొంగుతోంది. లారీని పిలిస్తే ఖర్చని, అడుగున పేరుకున్నది తీయడానికి వాచ్‌మన్ తెలిసినవారిని ఇద్దరిని దింపుతానంటున్నాడని మా కార్యదర్శి చెప్పారు. నాకు భయంగా ఉంది. – ఒక గృహిణి

జవాబు: ఎవరినీ దిగనివ్వకండి. ఈ సంచిక మీ చేతికి అందిన వెంటనే కార్యదర్శికి ఈ జవాబు చూపించండి.

ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన లేదని ధైర్యంగా దిగిన మనిషి కొన్ని క్షణాల్లో కూలిపోతాడు, అతన్ని లాగడానికి దిగిన రెండో మనిషి కూడా పైకి రాడు. దీపం దించి చూడడం పరీక్ష కాదు, మీథేన్ అంటుకుంటుంది.

చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపి శుభ్రం చేయిస్తే మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. వాచ్‌మన్ ద్వారా మాట్లాడించామన్నది రక్షణ కాదు, ఎందుకంటే పరోక్షంగా పనికి పెట్టినా నేరమే. ఆ పనిని రూపుమాపడానికి పోరాడే, బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇటువంటి ప్రతి మరణానికీ పది లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో మరో తీర్పు దానిని 30 లక్షలకు పెంచింది. ఆ ఇద్దరికీ ఇళ్ళల్లో భార్యాబిడ్డలు ఉంటారు. లారీ ఖర్చును ఫ్లాట్ల సంఖ్యతో భాగించి చూడమని మీ సభ్యులను అడగండి.

మున్సిపల్ కార్యాలయంలో పారిశుద్ధ్య విభాగాన్ని అడిగితే అనుమతి ఉన్న పీల్చే లారీల వివరాలు ఇస్తారు. తీసుకెళ్ళిన మలవ్యర్థాన్ని ఎక్కడ వదులుతారో కూడా లారీవారిని అడిగి తీరాలి. వరంగల్ వంటి చోట్ల దానికి శుద్ధి కేంద్రాలున్నాయి. ఊరి చెరువులోకో పొలంగట్టు కాలువలోకో వంపితే మీ సెల్లారు మురికి మరొకరి తాగునీటిలో చేరుతుంది. రెండు మూడేళ్ళకోసారి, ట్యాంకు పొంగకముందే ఖాళీ చేయించాలన్న తీర్మానాన్ని మీ అపార్టుమెంటు సంఘం వచ్చే సమావేశంలోనే మినిట్స్‌లో రాయించండి. ఈలోగా వాసన పోవాలని దొడ్లలో యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పోయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి, మూసి ఉన్న గదిలో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే మేలైన సూక్ష్మజీవులు కూడా చనిపోయి, ట్యాంకు మరింత త్వరగా నిండుతుంది. లారీ వచ్చేదాకా నీటి వాడకం తగ్గించమని అన్ని ఫ్లాట్లకూ చెప్పండి, సెల్లారులో పిల్లలను ఆడనివ్వకండి, ట్యాంకు మూత తెరిచి ఉంటే దాని చుట్టూ అడ్డం కట్టించండి.