కీమోలో ఉన్న బాబుకి జ్వరం తగ్గట్లేదు, ఎక్స్‌రే బాగానే ఉంది. అయినా సీటీ, బ్రాంకోస్కోపీ అవసరమా?

లుకేమియాకి కీమో నడుస్తున్న మీ ఆరేళ్ల బాబుకి తిరుపతిలో డాక్టర్లు ఈ రెండూ చేయాలంటున్నారని, మీకు భయంగా ఉందని రాశారు. భయం నాకు తెలుసు. అయినా చేయించమనే చెప్తాను. మాది చిత్తూరు. మా పాపకీ ఇదే జబ్బు, వేలూరులో వైద్యం చేయించాం, మధ్యలో ఊపిరితిత్తులకి ఫంగస్ పట్టింది.

న్యూట్రోఫిల్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణం) కౌంట్ 500 కంటే కిందికి పడి, గట్టి యాంటీబయాటిక్స్ నాలుగు రోజులు ఎక్కించినా జ్వరం దిగకపోతే ఫంగస్ ఉందేమో చూస్తారు. పోరాడే కణాలే లేనప్పుడు దగ్గు, తెమడ పెద్దగా ఉండవు, ఎక్స్‌రేలో మచ్చ కూడా ఆలస్యంగా పడుతుంది. మా పాపకి దగ్గే లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. సీటీలో మాత్రం చిన్న చిన్న గడ్డలు కనిపించాయి. పెద్దవాళ్లలో అలాంటి గడ్డ చుట్టూ మసకగా వలయం కనిపిస్తుందని చెప్తారు. పిల్లల్లో చాలాసార్లు అది ఉండదు, కాబట్టి రిపోర్టులో ఆ మాట లేదని నిశ్చింతగా ఉండొద్దు.

బ్లడ్ కల్చర్ నెగెటివ్ వచ్చినా అంతే. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ రక్తం కల్చర్‌లో పెరగడం చాలా అరుదు. దానికి గాలక్టోమానన్ అని వేరే రక్తపరీక్ష ఉంది. అది మ్యూకర్‌ని, అంటే కరోనా రోజుల్లో బ్లాక్ ఫంగస్ అన్నామే, దాన్ని పట్టలేదు.

అందుకే బ్రాంకోస్కోపీ. మా అత్తమ్మ "ఇంత చిన్నబిడ్డకి గొట్టమా" అని ఏడ్చారు. మత్తు ఇచ్చి, ప్లేట్‌లెట్స్ చూసుకుని, అవసరమైతే ఎక్కించి, సన్నటి గొట్టాన్ని ఊపిరితిత్తుల్లోకి దించి, దాంతో కొంచెం సెలైన్ వదిలి వెనక్కి లాగుతారు. ఆ నీళ్లలోనే ఫంగస్, టీబీ, న్యుమోసిస్టిస్ (నిమోనియా తెచ్చే ఇంకో రకం ఫంగస్) అన్నీ వెతకొచ్చు. ఏదో తెలియడం ఎందుకంత ముఖ్యమంటే మందులు వేరు: ఆస్పర్‌జిల్లస్‌కి సాధారణంగా వోరికోనజోల్, మ్యూకర్‌కి ఆంఫోటెరిసిన్, న్యుమోసిస్టిస్‌కి ఎక్కువ డోసు కోట్రైమాక్సజోల్. మ్యూకర్ మీద వోరికోనజోల్ పనిచేయదు.

ఒకవేళ బాబు బ్రాంకోస్కోపీకి తట్టుకోలేడని డాక్టర్లే అంటే బలవంతం చేయకండి. రిపోర్టు రాకముందే ఫంగస్ మందు మొదలుపెట్టినా టెన్షన్ పడకండి, ఈ జబ్బులో ఆగడమే ఎక్కువ ప్రమాదం.

ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి. కీమోలో విన్‌క్రిస్టిన్ ఉంటే వోరికోనజోల్‌తో కలిసి నరాలకి దెబ్బ తగలొచ్చు. రెండింటినీ ఎలా సర్దుతారో కనుక్కోండి. గాలక్టోమానన్ అక్కడే చేస్తారా, శాంపిల్ బయటికి పంపుతారా, ఎన్ని రోజులకి వస్తుందో కూడా.

ఈలోగా ఊపిరి వేగం పెరిగినా, డొక్కలు ఎగరేస్తున్నా, దగ్గులో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలవండి. సీటీలో ఏమొచ్చిందో ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.