పాఠకుల ప్రశ్నలు: ఇంజను కంటే ముందు బ్రేకులు

ప్రశ్న: మా నాన్నగారు వాడిన కాంటెస్సా క్లాసిక్, ఇసుజు పెట్రోలు ఇంజనుది, మా ఇంటి షెడ్డులో ఏళ్లుగా కదలకుండా ఉంది. దాన్ని ఆటోక్రాస్‌కు సిద్ధం చేసుకుని, సెలవు రోజుల్లో కుటుంబంతో కూడా తిరగాలని నా కోరిక. మెకానిక్ మాత్రం ముందుగా పెద్ద ఇంజను వేయించమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.
– ఒక పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: పెద్ద ఇంజను ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆటోక్రాస్‌లో పక్కన మరో కారు ఉండదు. కోన్‌లు పెట్టి గీసిన చిన్న దారిలో ఒక్కొక్క కారే గడియారంతో పోటీపడుతుంది. ఎక్కువసేపు రెండో గేరులోనే నడుస్తూ, ఒక మలుపు ముగియకముందే మరో మలుపుకు తిరగవలసిన ఆ దారిలో, ఆగడమూ తిరగడమూ రాని కారుకు అదనపు శక్తి చేసే మేలు చాలా తక్కువ.

హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 వరకు తయారుచేసిన కాంటెస్సాకు మూలం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ కారు. పొడవైన బానెట్, వెనుక చక్రాలను తిప్పే ఇంజను ఉన్న ఈ కారును మన అభిమానులు మజిల్ కారు (అమెరికా తరహా బలమైన కారు) అని పిలుచుకోవడం నాకు సబబుగానే తోస్తుంది. మొదట్లో 1.5 లీటర్ల ఇంజనుతో బరువుగా కదిలిన దీనికి, 1.8 లీటర్ల ఇసుజు ఇంజనూ ఐదు గేర్లూ వచ్చాకే ప్రాణం వచ్చింది. మీ దగ్గరున్నది అదే కనుక దాన్ని వదులుకోవద్దు. పైగా, నమోదు అధికారి అనుమతి లేకుండా ఇంజను మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలను మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కుటుంబంతో రోడ్డెక్కవలసిన కారుకు ఇది చిన్న విషయం కాదు.

మొదటి ఖర్చు బ్రేకులకే పెట్టండి. ఏళ్లుగా నిలిచిపోయిన కారులో బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుని ఉంటుంది, మాస్టర్ సిలిండర్‌లోనూ చక్రాల సిలిండర్లలోనూ రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి. వీటితోపాటు రబ్బరు హోసులను కూడా బాగున్నాయో లేదో చూడకుండానే మార్చేయండి. ఆ తర్వాత సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు. పాత కారు మలుపులో వాలిపోవడానికి స్ప్రింగులు మెత్తబడటమే కారణమని చాలామంది నమ్ముతారు కానీ, అరిగిన బుష్‌ల వల్ల చక్రం నిలవవలసిన కోణంలో నిలవకపోవడం అంతకంటే పెద్ద లోపమని నా అభిప్రాయం. బుష్‌లు కొత్తవి పడ్డాకే వీల్ అలైన్‌మెంట్ చేయించి, ముందు చక్రాల పైభాగం కొద్దిగా లోపలికి వాలేలా క్యాంబర్ పెట్టించండి. మీ ఊరి పుదుపేటలో వెతికితే పాత భాగాలు దొరకవచ్చు. అయితే బ్రేకు, స్టీరింగు భాగాల్లో మాత్రం వాడినవి కొనకండి.

టైర్లు కొత్తవై ఉండాలి. అరుగుదల కనిపించకపోయినా ఏళ్లు గడిచిన రబ్బరుకు పట్టు ఉండదు. గాలి ఎంత ఉంచాలో తెలుసుకోవడానికి టైరు అంచు మీద సుద్దముక్కతో గీత గీసి ఒక పరుగు తీయండి: గీత పక్కగోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, అంచు దగ్గర చెక్కుచెదరకపోతే ఎక్కువైనట్టు. కార్బొరేటర్ ఇంజను గనుక గట్టి మలుపులో ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు ఒక పక్కకు ఒరిగి ఇంజను తడబడితే, ముందుగా ఫ్లోట్ మట్టాన్ని సరిచూపించండి. చెన్నై ఎండలో వరుస పరుగులు తీయాలంటే రేడియేటర్ శుభ్రంగా ఉండాలి. డ్రైవరును కదలకుండా పట్టి ఉంచే సీటు, మంచి బెల్టు కూడా సమయాన్ని తగ్గిస్తాయి.

మన దేశంలో ఆటోక్రాస్ ఎక్కువగా మట్టి మీద జరుగుతుంది. అందుకని కారును మరీ కిందికి దించకండి. దేశంలో మోటారు క్రీడలను పర్యవేక్షించే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. సంస్థ గుర్తింపు ఉన్న పోటీకి లైసెన్సు, హెల్మెట్ ఏవి కావాలో నిర్వాహకులను ముందే అడగండి. పోటీనాడు తొందరగా చేరుకుని దారంతా కాలినడకన చూడండి. నడిపేటప్పుడు దగ్గరి కోన్‌ను కాక దాని తర్వాతి దాన్ని చూడండి. స్టెప్నీ, జాకీ, డిక్కీలోని సామాను దించేశాకే వరుసలో నిలబడండి.

ప్రశ్న: అమెరికా మజిల్ కార్లు తిన్నగా పరుగెత్తడానికే తప్ప మలుపులకు పనికిరావంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: కర్మాగారం నుంచి వచ్చినప్పటి చాలా కార్ల విషయంలో నిజమే. ముందుభాగంలో ఎనిమిది సిలిండర్ల బరువైన వి8 ఇంజను, నెమ్మదిగా తిరిగే స్టీరింగు, నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులు అప్పట్లో మామూలు. అయితే ఆ లోపం సరిదిద్దలేనిది కాదు. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ ఆ సంస్థ మస్టాంగ్ కారు ముందు సస్పెన్షన్‌లో పై ఆర్మ్‌ను (చక్రాన్ని కారుకు కలిపే పై చేతిని) బిగించే చోటును ఒక అంగుళం కిందికి దించితే, మలుపులో బయటి చక్రం రోడ్డును మెరుగ్గా పట్టుకుంటుందని చూపించారు. మస్టాంగ్ ఆధారంగా తయారైన 1965 నాటి షెల్బీ జి.టి.350 కార్లలో ఈ మార్పు చేశారు. నేటికీ పాత మస్టాంగ్‌ను ఆటోక్రాస్‌కు తయారుచేసేవారు కొత్త రంధ్రాలు వేసి ఇదే పని చేస్తున్నారు. అమెరికాలోని స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్.సి.సి.ఎ.) సంస్థ ఆటోక్రాస్‌లో ఇలాంటి కార్లకు ప్రత్యేక తరగతినే కేటాయించింది. అక్కడ కోన్ ఒకటి పడితే సమయానికి రెండు సెకన్లు కలుపుతారు కాబట్టి, అదుపు లేని బలం కలిసిరాదు.